ఆస్కార్ బార్నాక్

ఆస్కార్ బార్నాక్ (నవంబర్ 1, 1879 – జనవరి 16, 1936) జర్మనీ దేశానికి చెందిన సూక్ష్మయంత్ర నిపుణుడు, లైకా కెమెరా సృష్టికర్త. చలనచిత్రాల కోసం తయారయ్యే 35 మిల్లీమీటర్ల ఫిల్మును నిశ్చల ఛాయాచిత్రాలకు ఉపయోగించే చిన్న కెమెరాను రూపొందించి, ఛాయాగ్రహణాన్ని స్టూడియో గదుల నుండి వీధులలోకి తీసుకువచ్చినవారిలో ఇతడు ముఖ్యుడు. ఇతడు ఎంచుకున్న 24×36 మి.మీ. చిత్ర పరిమాణమే నేటి డిజిటల్ కెమెరాలలో ఫుల్ ఫ్రేమ్ అనే పేరుతో కొనసాగుతున్నది. ఇతని జీవితకాలంలో స్థిరపడిన కటకాల బిగింపు కొలత వలన 1930లలో తయారైన కటకాలు 21వ శతాబ్దపు డిజిటల్ దూరమాపక కెమెరాల మీద కూడా పనిచేస్తున్నాయి. ఆ డిజిటల్ కెమెరాలలో కొన్ని మాత్రం పదిహేనేళ్ళు నిండకముందే విడిభాగాలు దొరకని స్థితికి చేరుకున్నాయి.

బాల్యం, వృత్తి శిక్షణ

బార్నాక్ 1879 నవంబర్ 1న బెర్లిన్ నగరానికి దక్షిణాన, బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలోని లీనో అనే చిన్న గ్రామంలో జన్మించాడు. ఇతని బాల్యంలోనే కుటుంబం బెర్లిన్ శివారులోని లిష్టర్‌ఫెల్డేకు తరలివెళ్ళింది. పాఠశాల చదువు ముగిసిన తరువాత ఇతడు అక్కడి ఒక చిన్న కార్ఖానాలో సూక్ష్మయంత్రాల పని నేర్చుకున్నాడు. మిల్లీమీటరులో వందో వంతు తేడాను కూడా లెక్కలోకి తీసుకుని లోహపు భాగాలను అరగదీసి, మరలు కోసి, ఒకదానితో ఒకటి పొసగించే పని అది. విశ్వవిద్యాలయ పట్టా ఏదీ లేని బార్నాక్‌కు జీవితాంతం ఆధారమైనది ఈ చేతిపనే.

వృత్తి నేర్చిన యువకులు ఊరూరా తిరిగి, వేర్వేరు యజమానుల వద్ద పనిచేసి అనుభవం గడించే ఆచారం ఆ రోజుల్లో జర్మనీలో ఉండేది. ఆ ఆచారం ప్రకారం బార్నాక్ సాక్సనీ, వియన్నా, టిరోల్ ప్రాంతాలలో కొంతకాలం పనిచేశాడు. చివరకు 1902లో యేనా నగరంలోని కార్ల్ జైస్ సంస్థలో చేరాడు.

యేనాలో

ఆనాటి యేనా నగరం కటకాల పరిశ్రమకు ప్రపంచ కేంద్రం. కటకాలలో కాంతి ప్రవర్తనను గణితశాస్త్రం ద్వారా నిర్ణయించిన ఎర్నెస్ట్ ఆబే, కొత్త రకాల గాజును తయారుచేసిన ఓటో షాట్ ఆ నగరంలోనే పనిచేశారు. అటువంటి చోట బార్నాక్ సుమారు తొమ్మిదేళ్ళు గడిపాడు.

ఇతనికి ఛాయాగ్రహణం మీద మక్కువ ఎక్కువ. అయితే ఆ కాలపు కెమెరాలు పెద్ద పెట్టెలవలె ఉండేవి. ప్రతి చిత్రానికి ఒక గాజు పలక కావాలి. పలకలు, వాటి చట్రాలు, ముక్కాలిపీట అన్నీ ఒక తోలుసంచిలో మోసుకుంటూ కొండలు ఎక్కవలసి వచ్చేది. బార్నాక్ ఉబ్బసవ్యాధితో బాధపడేవాడు. ఆ బరువు మోయటం ఇతనికి శక్తికి మించిన పని అయింది. కెమెరాను చిన్నదిగా చేసి, చిన్న నెగటివు నుండి పెద్ద చిత్రం పొందవచ్చునన్న ఆలోచన ఈ ఇబ్బంది నుండే కలిగింది.

1905 ప్రాంతంలో ఒకే గాజు పలక మీద అనేక చిన్న చిత్రాలు తీసే ప్రయత్నం చేశాడు. వాటిని పెద్దవిగా చేసినప్పుడు పలక మీది రసాయనపు రేణువులు గరుకుగా కనిపించి, చిత్రం స్పష్టత కోల్పోయింది. ప్రయోగం ఫలించలేదు గాని ఆలోచన నిలిచిపోయింది.

జైస్ సంస్థలో ఎమిల్ మెహావ్ అనే సహోద్యోగి బార్నాక్‌కు మిత్రుడు. చలనచిత్రాలను తెర మీద చూపే ప్రొజెక్టరుపై మెహావ్ పరిశోధన చేసేవాడు. అతడు వెట్జ్‌లార్ పట్టణంలోని ఎర్నెస్ట్ లైట్జ్ సంస్థకు మారిన తరువాత బార్నాక్ పేరును అక్కడ సూచించాడు. 1911 జనవరిలో బార్నాక్ ఆ సంస్థలో చేరాడు.

లైట్జ్ సంస్థలో

లాన్ నది ఒడ్డున ఉన్న వెట్జ్‌లార్ చిన్న పట్టణం. లైట్జ్ సంస్థ సూక్ష్మదర్శినుల తయారీకి పేరుపొందింది. కెమెరాల వ్యాపారం దానికి ముఖ్యం కాదు. బార్నాక్ అక్కడి ప్రయోగ విభాగానికి అధిపతి అయ్యాడు. కొత్త పరికరాలకు తొలి నమూనాలు తయారుచేయటం ఆ విభాగం పని.

ఇతడు లోహపు పెట్టె గల ఒక చలనచిత్ర కెమెరాను స్వయంగా నిర్మించుకున్నాడు. దీనివల్ల 35 మి.మీ. సినిమా ఫిల్ముతో ఇతనికి పరిచయం ఏర్పడింది. గాజు పలకతో పోలిస్తే ఈ ఫిల్ము తేలికైనది, చుట్టగా చుట్టదగినది, అంచుల వెంబడి రంధ్రాలు ఉండటం వల్ల పళ్ళచక్రంతో కచ్చితంగా జరపదగినది. లైకాకు మూలమైన పరికరం ఈ సినిమా ఫిల్ము కాంతి గ్రహణశక్తిని పరీక్షించటానికే పుట్టిందని ఒక కథనం ప్రచారంలో ఉన్నది.

తొలి నమూనా

1913-1914 కాలంలో బార్నాక్ తన చిన్న కెమెరాకు తొలి నమూనాను పూర్తిచేశాడు. దీనిని తరువాతి కాలంలో ఊర్-లైకా, అనగా ఆది లైకా అని పిలిచారు.

సినిమా కెమెరాలో ఫిల్ము పైనుండి క్రిందికి నడుస్తుంది. ఒక్కొక్క బొమ్మ 18×24 మి.మీ. ఉంటుంది. బార్నాక్ ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు బొమ్మల చోటును కలిపి ఒకటిగా చేశాడు. దానితో 24×36 మి.మీ. పరిమాణం ఏర్పడింది. వైశాల్యం రెట్టింపు కావటం వల్ల పెద్ద చిత్రాలు ముద్రించినప్పుడు రేణువుల గరుకుదనం తగ్గింది. 35 మి.మీ. ఫిల్మును నిశ్చల చిత్రాలకు వాడిన ఇతర కెమెరాలు కూడా ఆ కాలంలో కొన్ని వచ్చాయి. కాని చేతిలో ఇమిడే పరిమాణం, యంత్రపు నాణ్యత, దానికి తగిన కటకం మూడూ కలిసినది బార్నాక్ కెమెరాలోనే.

ఈ నమూనాకు కొన్ని లోపాలు ఉండేవి. ఫిల్మును తదుపరి బొమ్మకు జరిపేటప్పుడు తెర పూర్తిగా మూసుకునేది కాదు. అందువల్ల ప్రతిసారీ కటకానికి మూత పెట్టవలసి వచ్చేది. అయినా బార్నాక్ దానితో వెట్జ్‌లార్ వీధులను, తన కుటుంబాన్ని చిత్రాలు తీశాడు. 1920లో లాన్ నదికి వరద వచ్చి పట్టణంలోని వీధులు నీట మునిగినప్పుడు తీసిన చిత్రాలు ఇతని చిత్రాలలో పేరుపొందాయి. సంస్థ వారసుడైన రెండవ ఎర్నెస్ట్ లైట్జ్ 1914లో ఒక నమూనాను తనతో అమెరికాకు తీసుకువెళ్ళి న్యూయార్కులో చిత్రాలు తీశాడు.

యుద్ధం, విరామం, నిర్ణయం

1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభం కావటంతో ఈ కెమెరా పని దాదాపు పదేళ్ళు వెనుకబడింది. 1920లో సంస్థ అధిపతి మొదటి ఎర్నెస్ట్ లైట్జ్ మరణించగా, కుమారుడు బాధ్యతలు స్వీకరించాడు. యుద్ధానంతర జర్మనీలో ఆర్థిక పరిస్థితి దిగజారింది. 1923లో ధరలు రోజురోజుకూ పెరిగి, కరెన్సీ విలువ దాదాపు శూన్యమైపోయింది. సూక్ష్మదర్శినులకు గిరాకీ తగ్గితే కార్మికులకు పని చూపించటం ఎట్లా అన్న ప్రశ్న యజమాని ముందున్నది.

అదే సంవత్సరంలో పరీక్ష కోసం ఇరవైకి పైగా కెమెరాలను చేతిపనితో తయారుచేశారు. వీటిని సున్నా వరుస కెమెరాలు అంటారు. వాటిని చూసినవారి అభిప్రాయాలు ప్రోత్సాహకరంగా లేవు. ఇంత చిన్న నెగటివుతో వృత్తి ఛాయాగ్రాహకులు పనిచేయరని, వ్యాపారులు కొనరని పలువురు భావించారు. 1924 జూన్ నెలలో సంస్థలో దీర్ఘ చర్చ జరిగింది. అధికారులలో పలువురు వ్యతిరేకించినప్పటికీ, నష్టానికి సిద్ధపడి ఉత్పత్తి ప్రారంభించాలని రెండవ ఎర్నెస్ట్ లైట్జ్ నిర్ణయించాడు.

కెమెరాకు కటకాన్ని మాక్స్ బెరెక్ అనే శాస్త్రవేత్త రూపొందించాడు. 50 మి.మీ. నాభ్యంతరం, ఎఫ్/3.5 ద్వారం గల ఆ కటకం కొద్ది మార్పులతో ఎల్మార్ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. లైట్జ్, కెమెరా అనే రెండు పదాల మొదటి అక్షరాల నుండి లైకా అనే పేరు ఏర్పడింది. 1925లో లైప్‌జిగ్ వసంత ప్రదర్శనలో ఈ కెమెరా ప్రజల ముందుకు వచ్చింది. ఇందులో ఫిల్మును జరిపే మీట, తెరను బిగించే మీట ఒక్కటే. కనుక ఒకే బొమ్మ మీద పొరపాటున రెండుసార్లు చిత్రం తీసే అవకాశం లేదు. తెర తానే మూసుకుని కదలటం వల్ల మూతతో పని కూడా తప్పింది.

చిన్న నెగటివు, పెద్ద ముద్ర

బార్నాక్ పద్ధతికి కెమెరా ఒక్కటే చాలదు. తపాలాబిళ్ళ అంత నెగటివును పెద్దదిగా చూపి కాగితం మీద ముద్రించే ఎన్‌లార్జరు, దానికి తగిన కాగితం కూడా అవసరం. లైట్జ్ సంస్థ ఎన్‌లార్జర్లను కూడా తయారుచేసింది.

ఈ పద్ధతిలో రెండు చోట్ల బేరియం అనే మూలకం ఉపయోగపడింది. మొదటిది గాజు. 1880లలో యేనాలో షాట్ తయారుచేసిన కొత్త గాజులలో బేరియం కలిపిన గాజు ముఖ్యమైనది. రంగులను ఎక్కువగా చెదరగొట్టకుండానే కాంతిని బలంగా వంచగలగటం దాని ప్రత్యేకత. రెండవది కాగితం. నలుపు-తెలుపు చిత్రాలు ముద్రించే మేలురకం కాగితానికి, కాంతిగ్రాహక పూతకు దిగువన బేరియం సల్ఫేటు పొర ఉంటుంది. చిత్రంలోని తెలుపు భాగాలకు కాంతి నిచ్చేది ఈ పొరే. దీనివల్లనే ఆ కాగితానికి బెరైటా కాగితం అనే పేరు వచ్చింది.

బేరియం సల్ఫేటు ప్రకృతిలో బెరైటీసు ఖనిజంగా లభిస్తుంది. రాయలసీమలో దీనిని ముగ్గురాయి అంటారు. చిరకాలం కడప జిల్లాలో భాగంగా ఉన్న ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట ఈ ఖనిజానికి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అక్కడి నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీసు నిక్షేపాలలో ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో తవ్వకాలు జరుగుతున్నాయి. అక్కడి ఖనిజంలో అధికభాగం పొడి రూపంలో చమురు బావుల తవ్వకానికి వెళుతుంది. చేతిలోకి తీసుకోగానే బరువుగా అనిపించే ఆ రాయి ప్రధాన పదార్థమూ, పాత స్టూడియో చిత్రాల తెలుపు వెనుక ఉన్న పదార్థమూ ఒక్కటే.

మార్చదగిన కటకాలు

1925 నాటి లైకాలో కటకం కెమెరాకు శాశ్వతంగా అమర్చబడి ఉండేది. దూరపు వస్తువులకు ఒకటి, విశాల దృశ్యాలకు ఒకటి చొప్పున కటకాలు మార్చుకోవాలన్న కోరిక వినియోగదారులలో పెరిగింది. 1930లో మరతో బిగించే కటకాలు గల లైకా వెలువడింది. మర వ్యాసం 39 మి.మీ.

ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. కటకం బిగించే అంచు నుండి ఫిల్ము తలానికి గల దూరం అన్ని కెమెరాలలో సరిగ్గా ఒకే విధంగా ఉండేది కాదు. ఆ దూరంలో అతి స్వల్పమైన తేడా ఉన్నా చిత్రం మసకబారుతుంది. అందువల్ల ప్రారంభంలో ప్రతి కటకాన్ని ఒక నిర్దిష్ట కెమెరాకు సరిపోయేలా కార్ఖానాలో సవరించి, ఆ కెమెరా సంఖ్యలోని చివరి అంకెలను కటకం మీద చెక్కేవారు. ఒకరి కటకం మరొకరి కెమెరాకు మర ప్రకారం ఎక్కేది గాని, చిత్రం స్పష్టంగా వచ్చేది కాదు. కొత్త కటకం కావాలంటే కెమెరాను కార్ఖానాకు పంపవలసి వచ్చేది.

1931లో ఈ దూరాన్ని 28.8 మి.మీ.గా స్థిరపరిచారు. ఆ కొలతకు తయారైన కెమెరాల బిగింపు అంచు మీద, కటకాల మీద సున్నా గుర్తు వేశారు. ఈ గుర్తు గల ఏ కటకమైనా, ఈ గుర్తు గల ఏ కెమెరాకైనా సరిపోతుంది. చూడటానికి చిన్న గుర్తు అయినా దాని ఫలితం పెద్దది. అప్పటివరకు ప్రతి కెమెరా తనకు తానే ఒక లోకం. ఆ తరువాత కటకం, కెమెరా విడివిడిగా కొనదగిన, అమ్మదగిన, వారసత్వంగా ఇవ్వదగిన వస్తువులు అయ్యాయి.

సంస్థ మరొక సౌకర్యం కూడా కల్పించింది. పాత లైకా ఉన్నవారు దానిని వెట్జ్‌లార్‌కు పంపితే, రుసుము తీసుకుని కొత్త నమూనాకు సమానంగా మార్చి ఇచ్చేవారు. 1925 నాటి కెమెరాను తరువాతి కాలపు కెమెరాగా మార్చుకున్నవారు ఉన్నారు. కొన్న వస్తువు పాతబడినంత మాత్రాన పారవేయనక్కరలేదన్న నమ్మకం వినియోగదారులకు ఏర్పడటానికి ఇది దోహదం చేసింది.

దూరమాపకం

చిత్రం తీయవలసిన వస్తువు ఎంత దూరంలో ఉన్నదో తెలియనిదే కటకాన్ని సరిగ్గా అమర్చలేము. మొదటి లైకాలో ఆ దూరాన్ని కంటితో అంచనా వేయవలసి వచ్చేది, లేదా కెమెరా పైభాగాన తగిలించే విడి దూరమాపకంతో చూసి, ఆ అంకెను కటకం మీద అమర్చవలసి వచ్చేది.

1932లో వెలువడిన రెండవ నమూనా లైకాలో దూరమాపకాన్ని కెమెరా లోపలే నిర్మించి, కటకంతో జతచేశారు. దీని సూత్రం మన రెండు కళ్ళు దూరాన్ని గ్రహించే విధానం వంటిది. కొంత ఎడంగా ఉన్న రెండు గవాక్షాల గుండా వచ్చే రెండు ప్రతిబింబాలు ఒకే చోట కనిపిస్తాయి. కటకాన్ని తిప్పినప్పుడు దాని వెనుక అంచు, కెమెరా లోపలి చిన్న చక్రాన్ని నెడుతుంది. ఆ కదలికకు ఒక ప్రతిబింబం ప్రక్కకు జరుగుతుంది. రెండు ప్రతిబింబాలు ఒకదానిపై ఒకటి కలిసిపోయినప్పుడు కటకం సరిగ్గా అమరినట్లు లెక్క.

అదే 1932లో బార్నాక్ పూర్వం పనిచేసిన జైస్ వర్గం నుండి కాంటాక్స్ అనే పోటీ కెమెరా వెలువడింది. దానిలో కటకాన్ని మరతో కాక బయోనెట్ పద్ధతిలో బిగిస్తారు. ఈ పోటీ మధ్య లైకా నమూనాలు వేగంగా మెరుగుపడ్డాయి. 1933లో ఒక సెకను వరకు నెమ్మది వేగాలు గల మూడవ నమూనా, 1934లో 250 బొమ్మలు తీయగల పత్రికా విలేఖరుల నమూనా, 1935లో సెకనులో వెయ్యో వంతు వేగం గల నమూనా వచ్చాయి.

మరణం

బార్నాక్ ఆరోగ్యం మొదటి నుండి అంతంతమాత్రంగానే ఉండేది. ఇతడు 1936 జనవరి 16న బాడ్ నౌహైమ్ పట్టణంలో, 56 ఏళ్ళ వయసులో మరణించాడు. అప్పటికి లైకా ప్రపంచమంతటా పేరుపొందినప్పటికీ, దానితో తీయబోయే ప్రసిద్ధ చిత్రాలలో చాలావాటిని చూసే అవకాశం ఇతనికి కలుగలేదు. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెసాన్ 1948లో మహాత్మాగాంధీ అంత్యక్రియల చిత్రాలు తీసినది ఈ తరహా కెమెరాతోనే.

బార్నాక్ తరువాత

బార్నాక్ కెమెరాను అనేక దేశాలలో అనుకరించారు. సోవియట్ యూనియన్‌లోని ఖార్కివ్ నగరంలో 1934లో ఫెడ్ అనే కెమెరా తయారీ మొదలైంది. తొలి ఫెడ్ కెమెరాలలో కటకాన్ని, కెమెరాను విడివిడిగా కాక జతగా సవరించేవారు. అందువల్ల అవి ఒకదానికొకటి మారవు. సున్నా గుర్తుకు ముందు వెట్జ్‌లార్‌లో ఉన్న చిక్కే అక్కడ మళ్ళీ కనిపించింది. మర ఒక్కటైనంత మాత్రాన కటకం సరిపోదని దీనివల్ల తెలుస్తుంది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపానులో కానన్ వంటి సంస్థలు కూడా 39 మి.మీ. మర గల దూరమాపక కెమెరాలను విరివిగా తయారుచేశాయి.

1954లో లైట్జ్ సంస్థ ఎం3 అనే కెమెరాతో బయోనెట్ పద్ధతికి మారింది. అయితే పాత కటకాలను నిరుపయోగం చేయలేదు. కొత్త కెమెరాలో అంచు నుండి ఫిల్ముకు గల దూరాన్ని 27.8 మి.మీ.గా, అనగా పాత దానికంటే సరిగ్గా 1 మి.మీ. తక్కువగా ఉంచారు. ఆ 1 మి.మీ. మందం గల ఉంగరాన్ని తగిలిస్తే పాత మర కటకం కొత్త కెమెరాకు సరిపోతుంది. దూరమాపకం కూడా యథావిధిగా పనిచేస్తుంది.

డిజిటల్ దూరమాపక కెమెరాలు

ఫిల్ము స్థానంలో డిజిటల్ సెన్సారు వచ్చిన తరువాత బార్నాక్ కాలపు కొలతలకు కొత్త పరీక్ష ఎదురైంది. మొదటి డిజిటల్ దూరమాపక కెమెరా 2004లో వెలువడిన ఎప్సన్ ఆర్-డి1. దీనిని జపానుకు చెందిన కోసినా సంస్థ కెమెరా ఆధారంగా నిర్మించారు. సెన్సారు 61 లక్షల పిక్సెళ్ళది. లైకా సంస్థ 2006లో ఎం8ను, 2009లో 24×36 మి.మీ. సెన్సారు గల ఎం9ను విడుదల చేసింది. ఈ మూడింటి ఉత్పత్తీ నిలిచిపోయింది.

ఈ కెమెరాలలో పాత కటకాలు బిగించినప్పుడు రెండు రకాల సమస్యలు వస్తాయి. మొదటిది కాంతికి సంబంధించినది. ఫిల్ము ఏటవాలుగా పడే కాంతిని కూడా బాగానే గ్రహిస్తుంది. సెన్సారు మీది పిక్సెళ్ళు మాత్రం నిటారుగా వచ్చే కాంతిని ఎక్కువగా గ్రహిస్తాయి. విశాల దృశ్యపు కటకాల వెనుక భాగం సెన్సారుకు బాగా దగ్గరగా ఉండటం వల్ల చిత్రం అంచులలో చీకటి, రంగుల తేడా ఏర్పడతాయి. ఎం8 సెన్సారు పరారుణ కిరణాలను కూడా గ్రహించటంతో కొన్ని నల్లని వస్త్రాలు ఊదారంగులో కనిపించేవి. దీనికోసం సంస్థ కొనుగోలుదారులకు ప్రత్యేక ఫిల్టర్లను ఉచితంగా ఇచ్చింది. ఫిల్టరు తగిలిస్తే విశాల కటకాలతో చిత్రం మూలలలో నీలి ఆకుపచ్చ ఛాయ వచ్చేది. ఆ ఛాయను ఫర్మ్‌వేర్ ద్వారా తొలగించారు.

ఫర్మ్‌వేర్ అనగా కెమెరా లోపలి చిప్పులో నిలిచి ఉండి, కెమెరాను నడిపించే ప్రోగ్రాము. ఏ కటకం బిగించారో తెలిస్తేనే అది తగిన సవరణ చేయగలదు. పాత కటకాలలో విద్యుత్ సంబంధం ఏదీ లేదు. కనుక లైకా సంస్థ 2006 నుండి కటకం వెనుక అంచు మీద నలుపు, తెలుపు రంగులలో ఆరు చుక్కలు వేసింది. ఒక్కొక్క చుక్క రెండింటిలో ఏదో ఒక రంగులో ఉంటుంది కాబట్టి 64 రకాల గుర్తులు ఏర్పడతాయి. కెమెరాలోని చిన్న సాధనం వాటిని చదువుతుంది. సంస్థకు చెందిన పాత కటకాలలో అనేకం రుసుముపై ఈ గుర్తులు వేయించుకునే వీలు కలిగింది. ఎం9లో గుర్తు లేని కటకం పేరును జాబితా నుండి చేతితో ఎంచుకునే సదుపాయం ఉన్నది.

రెండవ సమస్య యంత్రానికి సంబంధించినది. దూరమాపకం, కటకం మధ్య సంబంధం పూర్తిగా లోహపు భాగాలదే. అక్కడ తేడా వస్తే ఏ ఫర్మ్‌వేరూ సరిచేయలేదు. నిపుణుడు స్వయంగా సవరించాలి. లోపలికి ముడుచుకునే పాత కటకాలను డిజిటల్ కెమెరాలో ముడవరాదని, 1954-1968 మధ్య తయారైన 90 మి.మీ. ముడుచుకునే ఎల్మార్, 15 మి.మీ. హోలోగాన్ వంటి కొన్నింటిని అసలు వాడరాదని తయారీదారు సూచించాడు. కెమెరా లోపలి భాగాలకు అవి తగిలే ప్రమాదం ఉన్నది.

ఫర్మ్‌వేర్ మార్పు వల్ల కెమెరాకు కొత్త శక్తులు కూడా కలుగుతాయి. ఎప్సన్ సంస్థ 2006లో ఆర్-డి1ఎస్ అనే నమూనాను తెచ్చినప్పుడు, దాని సదుపాయాలను పాత ఆర్-డి1 యజమానులకు కూడా ఫర్మ్‌వేర్ రూపంలో అందించింది. ఉత్పత్తి ఆగిన కెమెరాకు ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. తన నమూనాకు సంబంధించిన ఫైలునే తీసుకోవాలి. బ్యాటరీని పూర్తిగా నింపాలి. కెమెరా గుర్తించగల సామర్థ్యం ఉన్న మెమరీ కార్డునే వాడాలి. మార్పు జరుగుతుండగా కెమెరాను ఆపరాదు. మధ్యలో ఆగితే కెమెరా తిరిగి పనిచేయకపోవచ్చు. కొత్త ఫర్మ్‌వేర్ రావటం నిలిచిపోయిన కెమెరాలకు చివరి ఫైలును భద్రపరచుకోవటం మంచిది.

1930ల నాటి మార్పిడి సంప్రదాయాన్ని డిజిటల్ కాలంలో కూడా కొనసాగించే ప్రయత్నం జరిగింది. 2008లో లైకా సంస్థ ఎం8 కెమెరాలకు గీతలు పడని నీలమణి గాజును, తక్కువ శబ్దం చేసే తెరను రుసుముపై అమర్చే పథకాన్ని ప్రకటించింది. కాని సెన్సారు మార్పు అందులో లేదు. 2009లో ఎం9 వేరే కెమెరాగానే వచ్చింది. ఎం9 సెన్సారు పైగాజు కాలక్రమంలో తుప్పు వంటి మచ్చలకు లోనుకావటంతో సంస్థ సెన్సార్లను మార్చి ఇచ్చింది. 2020లో ఆ సెన్సార్ల నిల్వ ముగిసింది. సెన్సారు తయారీ ఆగిపోయిన కెమెరాకు చేతిపని ఎంత ఉన్నా ప్రయోజనం పరిమితమే. ఆ కెమెరా మీది కటకం మాత్రం తీసి మరొక కెమెరాకు బిగిస్తే పనిచేస్తుంది.

గుర్తింపు

బార్నాక్ శతజయంతి సంవత్సరమైన 1979లో ఇతని పేరిట అంతర్జాతీయ ఛాయాగ్రహణ పురస్కారం ఏర్పడింది. మనిషికి, పరిసరాలకు గల సంబంధాన్ని చూపే చిత్రమాలికలకు దీనిని ఇస్తున్నారు. 2022 జూన్‌లో వెట్జ్‌లార్‌లో జరిగిన వేలంలో, బార్నాక్ స్వయంగా వాడిన సున్నా వరుసలోని 105వ సంఖ్య కెమెరా 1 కోటి 44 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. అప్పటివరకు ఏ కెమెరాకూ అంత ధర పలకలేదు.

లైకా సంస్థ ఎం8, ఎం9 తరువాత 2017లో ఎం10ను, 2022లో ఎం11ను విడుదల చేసింది. ఒకప్పుడు బార్నాక్ కెమెరాకు పోటీగా నిలిచిన జైస్ సంస్థ 2004లో ఇదే బయోనెట్‌కు సరిపోయే కటకాలను ప్రకటించింది. 1931లో సున్నా గుర్తు వేసిన కటకాన్ని 1 మి.మీ. ఉంగరంతో ఈ కెమెరాలన్నిటికీ బిగించవచ్చును.